కుటుంబంతో అండమాన్ వెళ్తున్నారా? ముందు పడవ టైమ్, తర్వాతే హోటల్

హైదరాబాద్‌లో డైరెక్ట్ విమానం ఎక్కితే సుమారు రెండున్నర గంటల్లో అండమాన్ చేరుకోవచ్చు. మనవాళ్లకు వీసా అక్కర్లేదు, డబ్బు మార్చుకునే పని లేదు, హిందీ వస్తే చాలు. మాల్దీవులు, లంకావి అనుకుని ఖర్చు చూసి వెనక్కి తగ్గిన కుటుంబాలకు నీలి సముద్రం, తెల్ల ఇసుక, రెండు మూడు దీవులు ఒకే ట్రిప్‌లో దొరికేది ఇక్కడే.

అయితే ఒక విషయం ముందే తెలుసుకోవాలి. హోటల్ దిగి కారులో అన్నీ చూసి వచ్చే ఊరు కాదిది. చూడాల్సిన బీచ్‌లు వేర్వేరు దీవుల్లో ఉంటాయి, మధ్యలో సముద్రం. పడవ తప్ప దారి లేదు. సముద్రం బాగా లేకపోతే ఆ పడవ కదలదు.

2016 డిసెంబరులో ఇదే జరిగింది. బంగాళాఖాతంలో వాయుగుండం రావడంతో పడవలు ఆగిపోయి, వెయ్యి మందికి పైగా పర్యాటకులు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోయారు. చివరికి నౌకాదళం, కోస్ట్ గార్డ్ వెళ్లి వాళ్లను బయటకు తెచ్చాయి. అంత పెద్ద తుఫాను అరుదే. కానీ ఒక పూట పడవ రద్దు కావడం మాత్రం అక్కడ మామూలు. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ ఒక్క పూటను లెక్కలో వేసుకుని ప్లాన్ చేసుకోవాలి.

పాత పేర్లు, కొత్త పేర్లు

టికెట్లు బుక్ చేసేటప్పుడు చాలామంది తికమక పడేది పేర్ల దగ్గరే. పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ ఇప్పుడు షహీద్ ద్వీప్, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. ఈ మూడు మార్పులు 2018 డిసెంబరులో జరిగాయి. జనం నోట, పడవ కంపెనీల దగ్గర పాత పేర్లు ఇంకా నడుస్తున్నాయి. కాబట్టి రెండూ గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసంలో సులువుగా ఉండటానికి పాత పేర్లే వాడాం.

ఎప్పుడు వెళ్లాలి

అండమాన్‌లో వాన రెండు సార్లు పడుతుంది. మే నెల రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత నవంబరు దాకా, ఒక్కోసారి డిసెంబరులోనూ ఈశాన్య రుతుపవనాలు. తుఫాను భయం ఎక్కువగా ఉండేది ఈ రెండో దశలోనే. సముద్రం నెమ్మదిగా, నీళ్లు తేటగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు.

మన సెలవులతో కలిపి చూస్తే ఇలా ఉంటుంది. దసరా సెలవులకు వాన ముప్పు ఉంది. సంక్రాంతి సెలవులు బాగుంటాయి, రద్దీ కూడా ఉంటుంది. ఈ మధ్య ఏళ్లలో ఈదుల్ ఫితర్ మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తోంది. ఈద్ అయిన వారం పది రోజులకు వెళ్తే సముద్రం అనుకూలంగా ఉండే కాలమే. వేసవి సెలవుల్లోనే కుదిరితే మే మొదటి వారం దాటించకపోవడం మంచిది.

పడవల సంగతి

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేట్ ఫెర్రీలో సుమారు గంటన్నర పడుతుంది. ఏసీ, సీటు నంబరు ఉంటాయి. ప్రభుత్వ పడవ చాలా చవక, కానీ రెండు గంటలకు పైనే పడుతుంది. అందులో అక్కడి జనం ఆసుపత్రికి, బజారుకు, ఉద్యోగాలకు వెళ్తుంటారు, టికెట్లు తొందరగా అయిపోతాయి. అందుకే కుటుంబంతో వెళ్లేవాళ్లు దాని మీదే భరోసా పెట్టుకోకూడదు. హేవ్‌లాక్ నుంచి నీల్‌కు సుమారు గంట.

లెక్క కూడా ఒకసారి చూసుకోవాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్, అక్కడి నుంచి నీల్, మళ్లీ పోర్ట్ బ్లెయిర్. మొత్తం మూడు ప్రయాణాలు. ఆరుగురు ఉన్న ఇంటికి 18 టికెట్లు. చాలామంది విమానం, హోటల్ మాత్రమే లెక్కేసుకుని, ఈ ఖర్చు అక్కడికి వెళ్లాక చూసి కంగారు పడతారు.

విమానం టికెట్ ఖరారు చేసేముందు ఆ తేదీల్లో పడవలు ఏ టైమ్‌కు ఉన్నాయో చూడండి. పడవ సీట్లు దొరికాకే హోటల్ బుక్ చేయండి. తిరుగు విమానం ఉన్న రోజు పడవ ప్రయాణం పెట్టుకోవద్దు, ముందు రోజు రాత్రికే పోర్ట్ బ్లెయిర్ చేరిపోవాలి. వెళ్లేటప్పుడు కూడా విమానం దిగిన వెంటనే పడవ ఎక్కే ప్లాన్ వద్దు. విమానం గంట లేటైతే పడవ ఆగదు.

అయిదు రోజులు, నాలుగు రాత్రులు

మొదటి రోజు: పోర్ట్ బ్లెయిర్ చేరి విశ్రాంతి. సాయంత్రం దగ్గర్లోని కార్బిన్స్ కోవ్ బీచ్‌కు వెళ్తే పిల్లలకు సరదా తీరుతుంది. ఊళ్లో చూడాల్సిన మిగతావన్నీ చివరికి ఉంచుకోండి.

రెండో రోజు: పొద్దున్నే పడవలో హేవ్‌లాక్. జెట్టీ నుంచి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో రాధానగర్ బీచ్ ఉంది. టైమ్ పత్రిక 2004లో ఆసియాలోనే మంచి బీచ్‌గా దీన్ని ఎంచింది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. బట్టలు మార్చుకునే గదులు, టాయిలెట్లు ఉన్నాయి కాబట్టి ఆడవాళ్లకు ఇబ్బంది తక్కువ. ఇది దీవికి పడమర వైపు ఉంది, సూర్యాస్తమయం ఇక్కడే చూడాలి.

మూడో రోజు: తెల్లవారుజామున కాలాపత్థర్ బీచ్, ఇది తూర్పు వైపు. తర్వాత చిన్న బోటులో ఎలిఫెంటా బీచ్. ముఖానికి గాజు మాస్క్, నోటికి గొట్టం పెట్టుకుని నీటి పైనుంచే పగడాలు చూసే స్నార్కెలింగ్ ఇక్కడ ప్రసిద్ధి. స్కూబా డైవింగ్ చేయాలనుకునేవాళ్లు కూడా ఈ రోజే చేయాలి. లోతుకు దిగి వచ్చాక కనీసం 24 గంటలు విమానం ఎక్కకుండా ఉండటం క్షేమం. ఆఖరి రోజుకు పెట్టుకుంటే ఆ గడువు దొరకదు. సాధారణంగా పదేళ్ల లోపు పిల్లలను డైవింగ్‌కు తీసుకోరు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు.

నాలుగో రోజు: పొద్దున పడవలో నీల్. చిన్న దీవి, జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్. నీళ్లు లోతు తక్కువ. ఈత రానివాళ్లు, దాదీ, నానీ లాంటి పెద్దవాళ్లు అడుగున అద్దం ఉన్న బోటులో కూర్చుని పగడాలు చూడొచ్చు. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెనను ఆటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే చూడగలరు. దారంతా రాళ్లు, జారుతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బీచ్ దగ్గరే ఆగిపోవడం మేలు. సాయంత్రం పడవకు పోర్ట్ బ్లెయిర్.

అయిదో రోజు: సెల్యులర్ జైలు చూసుకుని విమానం. పడవ ఒక పూట లేటైనా పోయేది ఊళ్లో చూసే రెండు చోట్లే, విమానం కాదు. ఊరును చివరికి ఉంచుకోమనేది ఇందుకే. సెలవు ఇంకో రోజు దొరికితే నీల్‌లో ఒక రాత్రి ఉండండి. నాలుగో దీవి కోసం పరుగెత్తొద్దు.

నీళ్ల దగ్గర జాగ్రత్త

2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర పర్యాటకుల బోటు మునిగి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కాల్సిన వాళ్ల కంటే చాలా ఎక్కువ మందిని ఎక్కించారు. చిన్న బోటు ఎక్కేటప్పుడు ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్ లేకపోతే ఆ బోటు వదిలేయండి. గొడవ అనిపించినా సరే, అడగాల్సింది ఎక్కకముందే.

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో రాధానగర్ పక్కనున్న కోవ్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న విదేశీ మహిళ మొసలి దాడిలో చనిపోయారు. మడ అడవులు, సముద్రంలో కలిసే కాలువల దగ్గర నీళ్లలోకి దిగొద్దు. బోర్డు ఉన్నచోట, లైఫ్‌గార్డ్ విజిల్ వేసినప్పుడు మాట వినండి. చీకటి పడ్డాక స్నానాలు వద్దు.

పొడవాటి కాటన్ బట్టలు, దుపట్టాలు తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు హైదరాబాద్‌లోనే కొనుక్కుని వెళ్లండి. డైవింగ్‌కు మహిళా ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే కొన్నిచోట్ల ఉంటారు, బుకింగ్‌కు ముందే అడగాలి. పడవలో వాంతులయ్యే వాళ్లుంటే మాత్ర ఎక్కడానికి ముందే వేసుకోవాలి, పిల్లలకు డోసు డాక్టర్ చెప్పినంతే. బీచ్‌లలో ఇసుక దోమలు కుడతాయి, దురదకు క్రీమ్ పెట్టుకోండి.

తిండి, నమాజ్

పోర్ట్ బ్లెయిర్‌లో హలాల్ భోజనానికి ఇబ్బంది లేదు. అబర్డీన్ బజార్ పరిసరాల్లో మసీదు, ముస్లిం హోటళ్లు ఉన్నాయి. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో మాత్రం హోటల్‌కు ముందే ఫోన్ చేసి చికెన్, మటన్ ఎక్కడివో కనుక్కోండి. నమ్మకం కుదరకపోతే తాజా చేపలు, రొయ్యలు, అన్నం, పప్పు అంతటా దొరుకుతాయి.

అండమాన్ గడియారం మనదే, కానీ సూర్యుడు మనకంటే ముందు. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం అయిదు గంటలకే పొద్దు కుంకుతుంది, హైదరాబాద్ కంటే దాదాపు ముప్పావు గంట ముందు. ఇంటి దగ్గరి టైమ్ టేబుల్ పట్టుకుంటే మగ్రిబ్ ఆలస్యమవుతుంది, ఫజర్ జారిపోతుంది. ఫోన్‌లో లొకేషన్ మార్చుకోండి. ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. జుమా వదులుకోకూడదనుకుంటే శుక్రవారం పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా తేదీలు చూసుకోండి.

మనవాళ్ల చరిత్ర

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు, సుమారు 8.5 శాతం మంది ముస్లింలు. దక్షిణ అండమాన్‌లో కాలికట్, మలప్పురం, వండూర్ అనే ఊళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత ఇక్కడికి పంపిన మాపిళ్లలు తమ ఊళ్ల పేర్లు వెంట తెచ్చుకున్నారు.

హైదరాబాద్‌కూ సంబంధం ఉంది. 1857 జులై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. ఆయన సెల్యులర్ జైలులో ఉన్నారని కొందరు చెబుతుంటారు, కానీ ఆ జైలు కట్టింది 1896 నుంచి 1906 మధ్య. అంతకుముందు ఖైదీలను దీవుల్లోని శిబిరాల్లో ఉంచేవారు. 1857 తిరుగుబాటుకే శిక్షపడిన మౌలానా ఫజల్ హఖ్ ఖైరాబాదీ 1861లో ఇక్కడే మరణించారు, ఆయన మజార్ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. జైలుకు మొదట ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. పిల్లలకు ఈ మాటలు చెప్పి లోపలికి తీసుకెళ్తే ఆ గదులు వేరేగా కనిపిస్తాయి.

చేయకూడనివి

గవ్వలు, పగడం ముక్కలు బ్యాగులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. బారాటాంగ్ వెళ్లే రోడ్డు జారవా తెగ రిజర్వ్ మధ్య నుంచి పోతుంది. వాళ్లను ఫొటో తీయడం, తిండి ఇవ్వడం నేరం, జైలు శిక్ష కూడా పడుతుంది. ఒక రోజంతా తినే ఆ ప్రయాణం చిన్న ట్రిప్‌లో పెట్టుకోకపోవడమే మంచిది. బంధువుల్లో ఎవరైనా విదేశీ పాస్‌పోర్టుతో వస్తుంటే వాళ్లకు నిబంధనలు వేరు, టికెట్ కొనకముందే కనుక్కోవాలి.

ఏజెంట్‌ను అడగాల్సినవి

ప్యాకేజీ తీసుకునేవాళ్లు అయిదు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మూడు పడవ టికెట్లూ ధరలో ఉన్నాయా? ఏ పడవ, ఎన్ని గంటలకు? వాతావరణం వల్ల రద్దయితే డబ్బు తిరిగి ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో? స్నార్కెలింగ్, అద్దం బోటు ఖర్చు కలిపే చెప్పారా? అదనంగా ఒక రాత్రి ఉండాల్సి వస్తే గది అద్దె ఎవరిది?

చివరగా, ఒక రాత్రి హోటల్, భోజనం సరిపోయేంత డబ్బు నగదుగా విడిగా ఉంచుకోండి, చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ. బీపీ, షుగర్ మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి, వాటిని లగేజీలో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి. పడవ ఆగిపోయిన రోజున పనికొచ్చేవి ఇవే.