నిమ్‌పురా తెలుగు కుటుంబాల వంశవృక్షం: వెతకడం ఎలా, రాయడం ఎలా?



ముందుగా మూడు చిన్న ప్రశ్నలు. మీ తాతగారి తండ్రి పేరు మీకు తెలుసా? తెలిస్తే, ఆయన భార్య పేరు ఏమిటి? ఆమె పుట్టింటివారి ఇంటిపేరు ఏమిటి? తరగతి గదిలో ఈ ప్రశ్నలు వేస్తే మొదటిదానికి కొన్ని చేతులు లేస్తాయి. రెండోదానికి ఒకటో రెండో లేస్తాయి. మూడోదానికి సాధారణంగా ఒక్క చెయ్యీ లేవదు. మూడు తరాల కిందటి మనిషి, మన రక్తంలో ఎనిమిదో వంతు ఇచ్చిన మనిషి, పేరు కూడా మిగలకుండా పోయింది.

విజ్ఞానశాస్త్రం బోధించేవాడికి చరిత్ర పాఠంలో ఏం పని అని మీరు అడగవచ్చు. వంశవృక్షం రాయడం కూడా ఒక పరిశోధనే. పరిశీలించాలి, ఊహించాలి, ఆధారం వెతకాలి, తప్పని తేలితే కొట్టివేయాలి. ఈ పాఠంలో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, అందులోని నిమ్‌పురా ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను ఉదాహరణగా తీసుకుందాం.

రైలు తెచ్చిన ఊరు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. మరోవైపు 1893–1896 మధ్య బెజవాడ నుంచి కటక్ వరకు తూర్పు తీర రైలుమార్గం పూర్తయింది. 1899 నాటికి కటక్‌కూ ఖరగ్‌పూర్‌కూ పట్టాలు కలిశాయి. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ నదిపై వంతెన తెరవడంతో హౌరాకు నేరుగా దారి ఏర్పడింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది.

ఈ చివరి సంగతిని ప్రత్యేకంగా గమనించండి. అప్పటి నుంచి వాల్తేరు, విజయనగరం, చికాకోల్ రోడ్డు, పలాస, ఖరగ్‌పూర్ అన్నీ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. 1866లో గంజాం ప్రాంతాన్ని పీడించిన కరువును చూసిన జిల్లాలివి. వాన మీద ఆధారపడిన పొలం ఒకవైపు, నెల జీతం మరోవైపు. ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు, నిమ్‌పురాలో గూడ్సు యార్డు, చుట్టూ రైల్వే క్వార్టర్లు. మొదట ఒకడు వస్తాడు. రెండేళ్ళకు తమ్ముణ్ణి తెస్తాడు, ఆ తర్వాత బావమరిదిని పిలుస్తాడు. వాడి చెల్లెలు పక్క క్వార్టరులోకి కోడలిగా వస్తుంది. ఇలా ఒకరి వెంట ఒకరుగా సాగిన వలసలో చుట్టరికమే దారి చూపింది. అందుకే ఇలాంటి పట్టణంలో ఒక్క కుటుంబం కథ రాయడం సాధ్యం కాదు. ఒకటి పట్టుకుంటే పది కదులుతాయి.

ఒకే ఓడలో వచ్చినవారు

ఈ పరిస్థితి మనకే ప్రత్యేకం కాదు. 1620లో ‘మేఫ్లవర్’ అనే ఓడలో 102 మంది ప్రయాణికులు ఇంగ్లండు నుంచి అమెరికా తీరానికి చేరారు. మొదటి చలికాలంలోనే దాదాపు సగం మంది చనిపోయారు. మిగిలినవారి పిల్లలు తమలో తాము, తర్వాతి ఓడలలో వచ్చినవారితో పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆ ఓడలో వచ్చిన ప్రిసిల్లా మలిన్స్ అనే అమ్మాయి తల్లిదండ్రులూ తమ్ముడూ ఆ చలికాలంలోనే పోయారు. ఆమె అదే ఓడలో వచ్చిన జాన్ ఆల్డెన్‌ను పెళ్ళాడింది. అమెరికా రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ వారి వంశంలోనివాడే.

ఈ సంగతి ఇంత నమ్మకంగా ఎలా చెప్పగలుగుతున్నాం? అక్కడ ఊరి రికార్డులు, వీలునామాలు, చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. వాటిని వెతికి సరిచూసే సంఘాలు ఉన్నాయి. బోస్టన్‌లో వంశచరిత్రల సంఘం 1845లోనే మొదలైంది. మేఫ్లవర్ వారసుల సంఘం 1897లో ఏర్పడింది. అయితే అదే నేలపై అంతకుముందు నుంచి ఉన్న వాంపనోగ్ ప్రజల వంశాలను ఆ రిజిస్టర్లు ఎక్కించుకోలేదు. 1850, 1860 జనాభా లెక్కలలో బానిసలను యజమాని పేరు కింద వయసు, స్త్రీయా పురుషుడా అన్న వివరాలతో రాశారే కాని, చాలావరకు వారి పేర్లు రాయలేదు. విముక్తులైన ఆ ప్రజలందరి పేర్లూ లెక్కలకెక్కింది 1870లో. అందుకే ఆ కుటుంబాలవారు వెనక్కి వెతుకుతూ 1870 దగ్గర గోడకు తగిలినట్లు ఆగిపోతారు. ఎవరి పూర్వీకులు దొరుకుతారన్నది ఎవరి పేర్లు రాశారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

చుట్టరికాల లెక్క

ఇప్పుడు కొంచెం గణితం. మనకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అమ్మమ్మ నాయనమ్మలూ కలిసి నలుగురు, ముత్తాత ముత్తవ్వలు ఎనిమిది మంది. ఇలా రెట్టిస్తూ పోతే పది తరాల వెనక 1024 స్థానాలు వస్తాయి. కాని అన్ని స్థానాలలో వేరువేరు మనుషులు ఉండరు.

మేనరికం సంగతి చూడండి. మేనత్త కొడుకూ మేనమామ కూతురూ పెళ్ళి చేసుకుంటే వారి బిడ్డకు ముత్తాత ముత్తవ్వలు ఎనిమిది మంది కారు, ఆరుగురే. ఒక జంట రెండువైపులా వస్తుంది. కుండమార్పిడి పెళ్ళిళ్ళు జరిగిన రెండిళ్ళ పిల్లలు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ బిడ్డకు మిగిలేది నలుగురే. అక్క కూతురిని మేనమామ చేసుకుంటే బిడ్డకు తండ్రి తండ్రే తల్లివైపు ముత్తాత కూడా అవుతాడు. కాగితం మీద చెట్టులా గీయడం మొదలుపెట్టిన బొమ్మ కొద్దిసేపటికి వలలా తయారవుతుంది. కంగారుపడకండి, అది మీ తప్పు కాదు.

ఈ లెక్క ఆరోగ్యానికి కూడా అవసరమే. సొంత మేనరికంలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ పెళ్ళిలో అది ఎనిమిదింట ఒకటి. దాగి ఉండే కొన్ని జన్యులోపాలు బయటపడేది ఇలాంటప్పుడే. కాబట్టి సరిగా రాసిన వంశవృక్షం వైద్యుడికి కూడా పనికివచ్చే పత్రం.

వరసలు పిలిచే విషయంలో మన భాష పరిశోధకుడికి గొప్ప సహాయం చేస్తుంది. ఇంగ్లీషులో కజిన్ అనే ఒక్క మాటలో ఎందరో కలిసిపోతారు. తెలుగులో పెదనాన్న పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనమామ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు. అమెరికాకు చెందిన లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రపంచ ప్రజల బంధుత్వ పదాలపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందులో తెలుగు, తమిళ పదాల పట్టికలు కూడా ఉన్నాయి. తన ప్రాంతపు సెనెకా తెగవారి వరసలకూ మన వరసలకూ ఉన్న పోలిక చూసి ఆయన ఆశ్చర్యపోయాడు.

అయితే ఒక జాగ్రత్త. రైల్వే క్వార్టర్లలో ఇరుగుపొరుగువారు కూడా వరసలు కలుపుకుని మామయ్య, అత్త, బావ అని పిలుచుకుంటారు. మామ్మగారు ఒకాయనను బావ అన్నారని చెట్టులో చేర్చేయకండి. ‘సొంత బావా, వేలు విడిచిన చుట్టమా, వట్టి వరసకేనా?’ అని అడగండి.

పేర్లు చెప్పే సంగతులు, దాచే సంగతులు

తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ తరచుగా ఒక్క పొడి అక్షరంగా. బెంగాల్‌లో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటారు. అందువల్ల అప్పారావు, కూర్మారావు, నరసింగరావు ముగ్గురూ కార్యాలయ కాగితాలలో ‘రావు’ కుటుంబం వారైపోతారు. వారికి ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేకపోవచ్చు. మరోవైపు సొంత అన్నదమ్ములలో ఒకరు ఇంటిపేరుతో, ఒకరు ‘రావు’తో నమోదై వేరు కుటుంబాలుగా కనిపించవచ్చు. అమెరికాలోని డచ్చి వలసవారి వంశాలు వెతికేవారిదీ ఇదే బాధ. వారిలో తండ్రి పేరే కొడుకుకు ఇంటిపేరు అయ్యేది, అంటే తరానికొక ఇంటిపేరు. 1664లో ఆ ప్రాంతం ఇంగ్లీషువారి చేతికి వచ్చాక ఆ పద్ధతి క్రమంగా పోయింది.

ఇంటిపేరు దాగినచోట సొంత పేరు కొంత చెబుతుంది. కూర్మారావు, కూర్మమ్మ అంటే శ్రీకూర్మం గుర్తుకు రావాలి. ముఖలింగం అంటే శ్రీముఖలింగం. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం. అప్పన్న, సింహాద్రి, సింహాచలం అంటే సింహాచలం కొండ. నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ. ఇవి రుజువులు కావు, వెతకవలసిన దిక్కును చూపే సూచనలు మాత్రమే. పైగా తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం. రెండు కాగితాలలో ఒకే పేరు కనిపిస్తే తాతా మనవడా అన్నది తేదీని బట్టి తేల్చాలి.

తేదీలు, జిల్లాలు

పెద్దలు ‘మా నాన్న వికారిలో పుట్టాడు’ అంటారు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. వికారి అంటే 1899–1900 కావచ్చు, 1959–60 కావచ్చు, 2019–20 కూడా కావచ్చు. ఏ చుట్టులోదో మిగతా వివరాలను బట్టి నిర్ణయించాలి.

రైల్వే సర్వీసు రిజిస్టరు చాలా విలువైన ఆధారం. పుట్టిన తేదీ, తండ్రి పేరు, సొంత ఊరు అందులో ఉంటాయి. కాని అందులో పుట్టిన తేదీ జులై 1 అని ఉంటే ఆలోచించండి. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసినవారికి జులై 1ని, నెల కూడా తెలిస్తే ఆ నెల 16ను పుట్టిన తేదీగా తీసుకోవాలని రైల్వే నియమం. అది నిజంగా పుట్టినరోజు కాకపోవచ్చు.

ఊరు కదలకపోయినా జిల్లా మారుతుంది. పార్వతీపురం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తాత, తండ్రి, కొడుకు మూడు వేరువేరు జిల్లాలు రాసినా ఊరు ఒకటే కావచ్చు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. ఖరగ్‌పూర్ కూడా 2002 వరకు మిడ్నపూర్ జిల్లాలోది, ఇప్పుడు పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోది.

ఎవరి పేర్లు రాశారు?

ఖరగ్‌పూర్‌లో పనిచేసిన యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల బాప్తిస్మం, పెళ్ళి, ఖననం వివరాలు చర్చి రిజిస్టర్లలోకి ఎక్కాయి. వాటి నకళ్ళు లండను వెళ్ళేవి. బ్రిటిష్ లైబ్రరీలో నేటికీ అలాంటివి చూడవచ్చు. అదే పట్టాల మీద సుత్తి పట్టిన గ్యాంగ్‌మన్ పెళ్ళి ఎక్కడ నమోదైంది? ఆయన భార్య పేరు ఏ పుస్తకంలో ఉంది? మన దేశంలో జనన మరణాల నమోదును అంతటా తప్పనిసరి చేసిన చట్టం 1969లో వచ్చింది. తద్దినంలో మూడు తరాల పేర్లు చెబుతారు. ఆపైన జ్ఞాపకం ఆగిపోతుంది.

1927లో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. తర్వాతి కాలంలో, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న వి. వి. గిరి ఆ కార్మికుల నాయకులలో ఒకరు. నాయకుడి పేరు చరిత్ర పుస్తకంలో ఉంది. ఆ రోజుల్లో జీతం లేని ఇంట్లో పొయ్యి వెలిగించిన స్త్రీల పేర్లు వారి మనవల నోట మాత్రమే ఉన్నాయి, అదీ ఉంటే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ట్రంకుపెట్టె అడుగున శుభలేఖలు, ఉత్తరాలు, దశదినకర్మ పిలుపులు తెలుగులో ఉంటాయి. బెంగాలీ, హిందీ మాధ్యమాలలో చదివిన మూడో తరం, నాలుగో తరం పిల్లలలో తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు ఉన్నారు. కాగితం ఉంది, చదివే కళ్ళు లేవు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అది సంతోషించదగిన విషయమే. కాని ఇంట్లోని ఉత్తరం చదవడం ప్రభుత్వం చేసిపెట్టే పని కాదు.

మీరు చేయవలసిన పని

ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి. గొప్ప పూర్వీకుణ్ణి ముందే ఎంచుకుని కిందికి దిగే ప్రయత్నం చేయకండి. అలా చేస్తే ఆధారం దొరకనిచోట ఊహ వచ్చి కూర్చుంటుంది. ప్రతి పేరు పక్కన ఆ సంగతి ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో రాయండి. సంబంధం లేని రెండు ఆధారాలు కలిస్తేనే సిరాతో రాయండి. అప్పటివరకు పెన్సిలు చాలు.

పెద్దలను అడిగేటప్పుడు ‘మన వంశం గురించి చెప్పండి’ అంటే ఏమీ రాదు. ‘మీ పెళ్ళికి ఎవరెవరు వచ్చారు? ఎవరు చనిపోతే మీ ఇంట్లో మైల పట్టారు? పురుడు ఎక్కడ పోశారు?’ అని అడగండి. మైల పట్టినవారు దాయాదులు. పురుడు పోసిన ఇల్లు సాధారణంగా అమ్మమ్మగారిది. శుభలేఖ దొరికితే ఆహ్వానించిన పెద్దల పేర్లన్నీ వరసతో సహా ఎక్కించండి. జబ్బుల వివరాలు, రెండో పెళ్ళిళ్ళు, దత్తతలు వంటివి ఆ ఇంటివారి అనుమతి లేకుండా ఎవరికీ చూపించకండి.

ఎనభై దాటిన మనిషి మీ ఇంట్లో ఉంటే పని రేపటికి వాయిదా వేయకండి. మొదటి పేజీలో మొదట రాయవలసింది ముత్తవ్వ పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఆమె పుట్టిన ఊరు. ముత్తాత పేరు ఎక్కడో ఒక రిజిస్టరులో దొరుకుతుంది. ఆమె పేరు మాత్రం ఈ సాయంత్రం మీరు అడిగితేనే దొరుకుతుంది.