పాత రైలు, కళాయి గిన్నె

మా కొడవలూరు మీదుగా పోయేది పెద్ద లైను. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్న లైను 1900లో మొదలైంది. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైనుగా మార్చారు. ప్రయాణం సుఖమైంది, కాదనను. కాని ఆ చిన్నబండి మళ్ళీ రాదు కదా!

పాతదాన్ని నిలుపుకున్న చోటూ ఉంది. నీలగిరి మీటరు గేజి రైలు 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. కున్నూరు కొండెక్కే ఆవిరి ఇంజన్లు కొన్నిటిలో బొగ్గుకు బదులు నూనె మండిస్తున్నారు. పళ్ళపట్టా మీద ఎక్కడం మాత్రం అలాగే ఉంది. మరి పాతదనం పోయినట్టా?

అమ్మమ్మ ఇత్తడి గిన్నెకు కళాయి పూయిస్తాం. గిన్నె మారిందంటామా? బీరువాలో దాచిన గిన్నెకన్నా పొయ్యి మీది గిన్నెకే ఆయుష్షు. అయితే ఏది పాతదో, ఏది మార్చామో పిల్లలకు దాచకుండా చెప్పాలి. అప్పుడే అది చరిత్ర.