యెహోషువ నుంచి యేసు దాకా

యెహోషువ అనే హీబ్రూ పేరుకు ‘యెహోవాయే రక్షణ’ అని అర్థం. ముందున్న ‘యెహో’ దేవుడి పేరుకు కుదింపు. యెహోనాతాను, యెహోషాపాతు పేర్లలోనూ ఇదే వినిపిస్తుంది. మిగిలిన భాగం రక్షించడం, ఆదుకోవడం అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చింది.

ఈ పేరు పెట్టిన సందర్భం సంఖ్యాకాండం 13వ అధ్యాయంలో ఉంది. కనాను దేశాన్ని వేగు చూసి రమ్మని మోషే పన్నెండుమందిని పంపాడు. వారిలో ఎఫ్రాయిము గోత్రం తరఫున వెళ్ళిన నూను కుమారుడి పేరు హోషేయ, అంటే రక్షణ. మోషే అతని పేరును యెహోషువ అని మార్చాడు. ఆ రక్షణ ఎవరిదో పేరులోనే చేరింది. మోషే తర్వాత ఇశ్రాయేలీయులను యొర్దాను దాటించిన నాయకుడు ఇతడే.

బబులోను చెర తర్వాత యేషూవ అనే పొట్టి రూపం వాడుకలో స్థిరపడింది. ఇందుకు ఒక్క మనిషి పేరే గట్టి సాక్ష్యం. క్రీ.పూ. 520 ప్రాంతంలో యెరూషలేము ఆలయాన్ని తిరిగి కట్టేటప్పుడు ఉన్న ప్రధాన యాజకుణ్ణి హగ్గయి, జెకర్యా గ్రంథాలు యెహోషువ అంటే, ఎజ్రా, నెహెమ్యా గ్రంథాలు యేషూవ అన్నాయి. తర్వాతి శతాబ్దాల్లో యూదులలో ఇది ఇంటింటి పేరైంది. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ రచనల్లో ఈ పేరుగలవారు చాలామంది కనిపిస్తారు. క్రీ.పూ. 175 ప్రాంతంలో ప్రధాన యాజకుడైన ఒక యేషూవ, గ్రీకు నాగరికత మీద మోజుతో జేసన్ అని పేరు మార్చుకున్నాడని రాసింది కూడా ఆయనే.

అలెగ్జాండ్రియా యూదులు లేఖనాలను గ్రీకులోకి తెచ్చినప్పుడు పేరు మరో మలుపు తిరిగింది. గ్రీకులో ‘ష’ ధ్వని లేదు, అది ‘స’ అయింది. చివరి గొంతు ధ్వని జారిపోయింది. పురుషనామాలకు ఉండే ‘స్’ వచ్చి చేరి ‘ఇయేసూస్’ తయారైంది. నూను కుమారుడికీ, నజరేయుడైన యేసుకీ గ్రీకులో ఈ ఒక్క పేరే. ‘తన ప్రజలను రక్షిస్తాడు గనుక ఆ పేరు పెట్టు’ అని దూత యోసేపుకు చెప్పినట్టు మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. గ్రీకు మాటలో ఆ ‘గనుక’కు ఆధారం దొరకదు; హీబ్రూ పేరు తెలిస్తేనే అందులోని అందం అర్థమవుతుంది.

1611 నాటి ఇంగ్లిషు బైబిలు, హెబ్రీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో యెహోషువను కూడా జీసస్ అనే రాసి పాఠకులను తికమకపెట్టింది. తెలుగు బైబిలు అక్కడ యెహోషువ అనే స్పష్టంగా రాసింది. తెలుగునాట యెహోషువ, యేసు రూపాలు బైబిలు ద్వారా స్థిరపడగా, జాషువ ఇంగ్లిషు ఉచ్చారణ నుంచి వచ్చింది. వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువ (1895–1971) పేరు ఈ మూడో రూపమే.