ఫోమ్ రోలర్ రాకముందు మన నడుం ఎవరు తొక్కారు?

జిమ్‌లో ఒక మూల నల్లగా, గొట్టంలా పడి ఉంటుంది చూడండి, ఫోమ్ రోలర్. దాని మీద తొడ పెట్టి దొర్లితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. లేచాక మాత్రం కాలు తేలికవుతుంది. ఇదంతా ఫారిన్ సరుకు అనుకుంటాం. వస్తువు వరకు కరెక్టే. ఫిజియోలు వాడుతుండగా 2000 తర్వాత జిమ్‌లకి బాగా పాకింది. కానీ ఆ పని పాతది.

1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చాడు. అంటే ఇప్పటి హంపి, మన అనంతపురం నుంచి బళ్లారి దాటితే వచ్చేస్తుంది. మన పెనుకొండ కూడా ఆ రాజ్యంలోదే, 1565 యుద్ధం తర్వాత రాజధాని అయింది. కృష్ణదేవరాయలు పొద్దున లేచి ఏం చేస్తాడో పేస్ రాసిపెట్టాడు. తెల్లారకముందే నువ్వుల నూనె తాగుతాడు. అవును, తాగుతాడు! అదే నూనె ఒళ్లంతా పట్టించి, నడుముకి చిన్న గుడ్డ కట్టి, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తుతాడు. తర్వాత కత్తి సాము, నూనంతా చెమటై బయటికి వచ్చేదాకా. ఆపైన ఒక మల్లుడితో కుస్తీ, తర్వాత తెల్లారేదాకా గుర్రపు స్వారీ. అన్నీ అయ్యాక స్నానం చేయించడానికి ఒక బ్రాహ్మణుడు. మనం రికవరీ అని విడిగా ఒక చాప్టర్ పెట్టుకున్నాం గానీ, ఆయన నూనెతోనే మొదలుపెట్టాడు.

సరే, రాజుకి మనుషులున్నారు. తాలింఖానాలో వస్తాదుకి శిష్యులుంటారు. మరి చేనులో వంగినోళ్లకి? సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. పదునున్న నాలుగు రోజుల్లోనే విత్తనం పడాలి, తర్వాత కలుపు, ఆ తర్వాత చెనక్కాయ పెరకడం. ఏ పనికైనా నడుం వంచాల్సిందే. సాయంత్రం ఇంట్లో బోర్లా పడుకుని, "రేయ్, కొంచెం నడుం తొక్కురా" అంటారు. మీలో చాలామంది ఆ రోలర్ ఉద్యోగం చేసుంటారు, జీతం లేకుండా.

నా లెక్కలో రోలర్ తెచ్చిన అసలు మార్పు ఇదే. నొక్కేది మన బరువే, ఇంకొకరు అక్కర్లేదు. అంతకుమించి మాయ లేదు. కండరంలో ముడి కరిగిపోతుందని రీల్స్‌లో చెప్తారు, నమ్మకండి. ఒత్తిడి పడ్డాక నొప్పి కాసేపు తక్కువగా తెలుస్తుంది, కదలిక కాస్త పెరుగుతుంది. పరిశోధనల్లో కనబడిన లాభం కూడా చిన్నదే, అదీ కొద్దిసేపే. జిమ్ చేసేవాడికి అది చాలు, రేపు రెస్ట్ తీసుకోవచ్చు. కూలికి పోయే అక్కకి ఆ రెస్ట్ డే లేదు. రాత్రి ఎంత తొక్కించుకున్నా పొద్దున మళ్లీ వంగాలి.

వాడేవాళ్లు తొడ, పిక్క, వీపు పైభాగం మీద ఒక్కోచోట ఒక నిమిషం దొర్లండి. నడుం దగ్గర వెన్నెముక మీద నేరుగా వద్దు. నొప్పి కాలి కిందకి దిగుతున్నా, తిమ్మిరి పట్టినా రోలర్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎముకలు పలచబడ్డ అవ్వ అడిగినా సరే, పిల్లల్ని ఆమె నడుం మీద ఎక్కనివ్వకండి, చేత్తో నూనె రాయండి చాలు.