పడమటి గోడ, పదమూడు ఫాన్లు

గన్నవరం నుంచి ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్లినా, హైవే పట్టుకుని హనుమాన్ జంక్షన్ వైపు వెళ్లినా కోళ్ల షెడ్లు కనపడతాయి. పాత షెడ్లను కాస్త నిదానించి చూడండి. పొడుగంతా తూర్పు పడమరలకే ఉంటుంది. పొలం ఎంత వంకర తిరిగినా, దారి ఎటు ఉన్నా షెడ్డు మాత్రం అలాగే వేస్తారు. వాస్తు కోసం అనుకునేవాళ్లున్నారు గానీ, అది ఎండకీ గాలికీ వేసిన లెక్క. మా నాన్న అలాంటి షెడ్లు కట్టిన మేస్త్రీ. నేను ఇప్పటి షెడ్లకి ఫాన్లూ, కూలింగ్ పాడ్లూ బిగిస్తాను. ఈ లెక్క ఎలా మారుతూ వచ్చిందో మా ఇద్దరి పనీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

పెరట్లో పది కోళ్లుంటే గాలి గురించి ఎవరూ ఆలోచించరు. పగలంతా దిబ్బల మీద తిరుగుతాయి, రాత్రికి గంప కిందికి చేరతాయి. వేల కోళ్లని ఒకే కప్పు కింద పెట్టినప్పుడే చిక్కొచ్చింది. మన దగ్గర అలా పెంచడం ఊపందుకున్నది 1970ల్లో. బండా వాసుదేవరావు గారు వెంకటేశ్వర హేచరీస్ పెట్టింది 1971లో. గుడ్డు ధర రైతే చెప్పుకోవాలని నెక్ (జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ) పుట్టింది 1982లో. కృష్ణా డెల్టాకి ఇంకో సౌకర్యం ఉంది. ఊరూరా రైస్ మిల్లులే కాబట్టి మేతకి తవుడూ, నేల మీద పరవడానికి ఊకా చేతికందేంత దూరంలో దొరికేవి. ఊక పరిచి కోళ్లని నేల మీదే వదిలేసేవాళ్లు. డీప్ లిట్టర్ అంటే అదే.

ఆ షెడ్లకి నాన్న పెట్టుకున్న హద్దు ఒకటే: వెడల్పు 30 అడుగులు దాటకూడదు. దాటితే ఒక పక్క నుంచి వచ్చిన గాలి రెండో పక్కకి చేరేలోపే నీరసపడిపోతుంది, నడిమధ్య కోళ్లు ఉడికిపోతాయి. రెండు పొడుగు వైపులా అడుగున్నర పిట్టగోడ, దాని మీద మెష్, బయటికి మూడడుగుల చూరు. తూర్పు పడమరల్లో మాత్రం నిండు గోడ. మే నెల మధ్యాహ్నం తెలంగాణ వైపు నుంచి వడగాలి వస్తుంది, సాయంత్రానికి దక్షిణం నుంచి సముద్రం గాలి తిరుగుతుంది. పడమటి గోడ మొదటిదాన్ని ఆపుతుంది, దక్షిణపు మెష్ రెండోదాన్ని రానిస్తుంది. "గోడ ఎక్కడ కట్టాలో కాదురా, ఎక్కడ కట్టకూడదో చూడు" అనేవాడు నాన్న. ఆయన సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) అన్న మాట ఎరగడు.

ఆ లెక్క నేను తర్వాత వేసి చూశాను. షెడ్డు 200 అడుగుల పొడవు, మెష్ 7 అడుగుల ఎత్తు. అంటే దక్షిణం వైపు తెరిచి ఉన్నది 1,400 చదరపు అడుగులు. గాలి గంటకి మూడు కిలోమీటర్ల చిల్లర, మనం నింపాదిగా నడిచే వేగం కంటే తక్కువే అనుకుందాం. నిమిషానికి 175 అడుగులు. హెచ్చవేస్తే 2,45,000. మెష్ అడ్డానికీ, ఏటవాలుగా కొట్టేదానికీ సగం తీసేసినా నిమిషానికి 1,22,500 ఘనపు అడుగుల గాలి. లిట్టర్ మీద ఆ షెడ్డులో పట్టేవి మూడున్నర వేల పెట్టలు. తలకి 35 సీఎఫ్ఎం! ఎండాకాలంలో గుడ్ల కోడికి ఏడెనిమిది ఉంటే సరిపోతుందన్నది ఇప్పటి లెక్క. పైసా కరెంటు లేకుండా దానికి నాలుగింతలు.

గాలి కదిలినంతసేపే ఈ వైభవమంతా. రోహిణి కార్తెలో ఆకు కదలని మధ్యాహ్నాలుంటాయి, అప్పుడా 35 సున్నా. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి 41 డిగ్రీలు. బయట 43, 44 ఉంటే వీచే గాలి కూడా చల్లబరచదు సరికదా, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు దానికి మిగిలేది నోరు తెరిచి రొప్పడమే. రొప్పినకొద్దీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పోతుంది, గుడ్డు పెంకు పల్చబడుతుంది. రొప్పడమూ చాలకపోతే మెడ వాల్చేస్తుంది. 2003లోనూ, 2015లోనూ వడదెబ్బకి మన రాష్ట్రంలో మనుషులే వెయ్యికి పైగా పోయారు, కోళ్ల సంగతి చెప్పేదేముంది. రేకుల మీద తాటాకులు కప్పడం, గోనె పట్టాలు తడిపి వేలాడదీయడం, పైన స్ప్రింక్లర్లు, లోపల ఫాగర్లు... ఇవన్నీ ఆ సున్నాని ఎదుర్కోడానికి పుట్టినవే.

ఈలోపు కేజ్‌లొచ్చాయి. అదే 6,000 చదరపు అడుగుల్లో మూడు వరసల కేజ్‌లు పెట్టి పది వేల వరకు పెంచడం మొదలెట్టారు. గాలి పెరగలేదు, కోళ్లు మూడింతలయ్యాయి. తలకి 35 కాస్తా 12కి దిగింది. షెడ్డుని స్తంభాల మీద మనిషెత్తు లేపి కింద పెంట పడేలా కట్టడంతో అడుగు నుంచీ గాలి ఆడింది. దాంతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. నన్నడిగితే మన పనివాళ్ల తెలివంతా ఆ ఎత్తు షెడ్డులోనే ఉంది. దాన్నెవరూ మెచ్చుకోరు.

గది కొలతలు చూసి గాలి లెక్కేసే అలవాటు ఇప్పటికీ పోలేదు. "ఇంత హాలు, ఎన్ని ఫాన్లు?" అని ఫోన్ చేస్తారు. లోపల ఎవరున్నారో చెప్పరు. 1820ల్లో ట్రెడ్‌గోల్డ్ అనే ఇంగ్లండు ఇంజినీరు మనిషికి నిమిషానికి 4 ఘనపు అడుగులు చాలన్నాడు. 1895కల్లా అమెరికా ఇంజినీర్ల సంఘం 30 కావాలంది. అంకె మారింది గానీ ఇద్దరూ తలల్నే లెక్కపెట్టారు. కోళ్ల దగ్గరా అంతే. గుడ్ల కోడి సుమారు 10 వాట్ల వేడి వదులుతుంది. ఊరికే కూర్చున్న మనిషి వదిలేది దాదాపు 100. అంటే 30 వేల కోళ్ల షెడ్డులో మూడు వందల ఒక కిలోవాట్ హీటర్లు రాత్రింబవళ్లు వెలుగుతున్నట్టే. ఆ వేడిని మోసుకుపోయేంత గాలి కావాలి.

ఇప్పుడు మేం వేసే ఈసీ (ఎన్విరాన్‌మెంట్ కంట్రోల్డ్) షెడ్డులో పక్కలన్నీ మూసేస్తారు. ఒక చివర నీళ్లతో తడిసే కూలింగ్ పాడ్లు, రెండో చివర గాలిని లాగే ఫాన్లు. లెక్క రెండు దారుల్లో వేస్తాం. తలకి 7 చొప్పున 30 వేల కోళ్లకి 2,10,000 సీఎఫ్ఎం. రెండోది, వెడల్పు 40, ఎత్తు 10, నిమిషానికి 500 అడుగుల వేగంతో గాలి ఒంటికి తగలాలంటే 2,00,000. ఏది ఎక్కువైతే అది. పాడ్ గుండా నిమిషానికి 400 అడుగులకి మించి లాగకూడదు కాబట్టి పాడ్లు 525 చదరపు అడుగులు. తేమ 20 శాతమే ఉన్న పొడి మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి పాడ్ దాటేసరికి 29కి దిగొస్తుంది, చూస్తే నమ్మరు. అదే సముద్రం గాలి తిరిగిన సాయంత్రం, 33 డిగ్రీలూ 70 శాతం తేమా ఉంటే మూడు, మూడున్నర డిగ్రీలకి మించి తగ్గదు. డెల్టాలో అప్పుడు కోడిని కాపాడేది నీళ్లు కాదు, ఒంటికి తగిలే వేగం. పొడి ఊళ్ల లెక్కని ఇక్కడికి తెచ్చి ఫాన్లు తగ్గించేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది పాత షెడ్డు విలువ. 2012లో పరిశ్రమలకి పవర్ హాలిడేలు ఇచ్చిన రోజులు గుర్తున్నాయిగా. పక్కలు తెరిచిన షెడ్డుకి కరెంటు కోతతో పని లేదు. మూసిన షెడ్డులో ఫాన్లు ఆగాయంటే నిమిషాల మీద వ్యవహారం. జనరేటరూ, అది ఎక్కకపోతే మోగే అలారమూ, వాటంతటవే జారే కర్టెన్లూ ఉండాల్సిందే.

గన్నవరంలో వెటర్నరీ కాలేజీ 1998 నుంచీ ఉంది. షెడ్డు వేయించే ముందు అక్కడ ఒక మాట అడగడానికి డబ్బులేం ఖర్చు కావు. ఫాన్లు అమ్మే మనిషి "ఇది ఇరవై వేల సీఎఫ్ఎం" అంటే ఎంత ప్రెషర్ దగ్గర అని అడగండి. ఆ ఇరవై వేలు చాలాసార్లు అడ్డమేమీ లేకుండా తిప్పినప్పటి అంకె. ఎదురుగా పాడ్ ఉండి, బెల్టు వదులై, షట్టర్‌కి దుమ్ము పడితే పదహారు, పదిహేడు వేలకి దిగుతుంది. 2,10,000కి కాగితం మీద పదకొండు ఫాన్లు సరిపోతాయి, షెడ్డులో పదమూడు కావాలి. కొటేషన్‌లో ఆ రెండు ఫాన్లు కొట్టేయించకండి.