బ్రాడ్‌వే మీద రెండో కొట్టు

2016 జనవరి 18. మార్టిన్ లూథర్ కింగ్ స్మారక దినం, అమెరికా అంతటా సెలవు. లాస్ ఏంజెలెస్ నగరం దక్షిణాన వాట్స్ పేటలో మాత్రం కొత్త బర్గర్ల కొట్టు ముందు వందలాది జనం బారులు తీరారు. 1965 ఆగస్టులో ఆరు రోజులు అల్లర్లతో అట్టుడికి, 34 మందిని పోగొట్టుకున్న పేట అది. కాలే కడుపుకి కారుచౌక ఫాస్ట్‌ఫుడ్ తప్ప మరో దారి లేని వీధులవి.

కొట్టు పేరు లోకోల్. పెట్టింది ఇద్దరు పేరుమోసిన షెఫ్‌లు. సియోల్‌లో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన రాయ్ చోయ్ 2008లో కోగీ అనే ట్రక్కులో కొరియన్ మాంసాన్ని మెక్సికన్ టాకోల్లో చుట్టి అమ్మి, ఊరిని తన వెంట తిప్పుకున్నవాడు. డేనియల్ ప్యాటర్సన్ శాన్ ఫ్రాన్సిస్కోలో కోయీ రెస్టారెంట్‌కి రెండు మిషెలిన్ నక్షత్రాలు తెచ్చినవాడు. 2013లో కోపెన్‌హాగన్‌లో జరిగిన షెఫ్‌ల సభలో చోయ్ ఆకలి గురించి మాట్లాడాడు. ఉన్నవాళ్లకే వండుతున్న మనం లేనివాళ్ల సంగతి ఎప్పుడు చూస్తామన్నది ఆ ప్రసంగం సారం. అది ప్యాటర్సన్‌ను కదిలించింది. ఇద్దరూ చేతులు కలిపారు.

వేడి పెనం మీద మాంసం ముద్ద పెట్టి అదిమితే చుర్రుమంది. అందులో ఉన్నది గొడ్డుమాంసం ఒక్కటే కాదు. ఉడికించిన ధాన్యాలూ టోఫూ కూడా కలిపారు. అలా ఖర్చు తగ్గుతుంది, ఒంటికీ మంచిది. బన్ను తయారీ బాధ్యత టార్టీన్ బేకరీతో పేరు తెచ్చుకున్న చాడ్ రాబర్ట్‌సన్ తీసుకున్నాడు. ఇంత చేసీ బర్గర్ ధర నాలుగైదు డాలర్లు, కాఫీ ఒక్క డాలరు.

కౌంటరు వెనక నిలబడ్డవాళ్లు ఎక్కువమంది ఆ పేట బిడ్డలే. వాళ్లలో కీత్ కార్బిన్ ఒకడు. కుర్రతనంలోనే మత్తుమందు వండి అమ్మే ముఠాల్లో చేరి, ఏళ్ల తరబడి జైళ్లలో గడిపి వచ్చినవాడు. బయటికొచ్చాక పనికి పాత కేసు అడ్డొచ్చేది. లోకోల్ అతని చేతికి గరిటె ఇచ్చింది.

నాలుగు నెలలు తిరిగేసరికి, మే నెలలో, రెండో కొట్టు తెరిచారు. ఈసారి ఓక్‌లాండ్ అప్‌టౌన్‌లో, 2214 బ్రాడ్‌వే. అంతకుముందు అక్కడ ప్యాటర్సన్‌దే ప్లమ్ అనే ఖరీదైన రెస్టారెంట్ ఉండేది. కథ అడ్డం తిరిగింది ఇక్కడే.

ఓక్‌లాండ్ నల్లజాతి ఉద్యమాల గడ్డ. 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది అక్కడే. 1969లో ఆ పార్టీవాళ్లు వెస్ట్ ఓక్‌లాండ్‌లోని ఒక చర్చిలో బడిపిల్లలకు పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. పేటవాళ్ల ఆకలి పేటవాళ్లే తీర్చుకోవాలన్న ఆలోచనకు ఆ ఊళ్లో అంత లోతైన వేళ్లున్నాయి. కానీ లోకోల్ వచ్చేసరికి ఊరు మారిపోతూ ఉంది. 1980లో జనాభాలో సుమారు 47 శాతం ఉన్న నల్లజాతివాళ్లు 2010కల్లా 28 శాతానికి తగ్గారు. దశాబ్దాల పాటు మూతపడి ఉన్న ఫాక్స్ థియేటర్ 2009లో మళ్లీ తలుపులు తెరిచింది. చుట్టూ బార్లు, కొత్త అపార్ట్‌మెంట్లు వచ్చాయి. 2015లో ఉబర్ ఆ పక్కనే పాత సియర్స్ భవనం కొనేసరికి అద్దెలు ఇంకెంత పెరుగుతాయోనని పాతకాపులు గుండెలు పట్టుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి రైలెక్కితే పావుగంట దూరం. 

వాట్స్‌లో కొట్టు ఎవరికోసమో గుమ్మం దగ్గరే తెలిసిపోయేది. బ్రాడ్‌వే మీద అలా కాదు. ఇటు ఊరు ఖాళీ చేసిపోతున్న పాతవాళ్లు, అటు మధ్యాహ్నం భోజనానికి దిగే ఆఫీసు ఉద్యోగులు. ధర మొదటివాళ్లను చూసి పెట్టారు, అడ్రసు రెండోవాళ్ల మధ్య దొరికింది. చవక ధరతో బతకాలంటే జనం విరగబడాలి. ఆ ఉద్యోగుల ముందేమో తినడానికి బోలెడు చోట్లున్నాయి.

2017 జనవరిలో పిడుగు పడింది. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ ఓక్‌లాండ్ కొట్టులో తిని, ఒక్క నక్షత్రం కూడా ఇవ్వకుండా సమీక్ష రాశాడు. ఆశయం మంచిదే, తిండి మాత్రం చప్పగా ఉందన్నాడు. ఐదు డాలర్ల బర్గర్ల కొట్టు మీద ఇంత పెద్ద పత్రిక బాణం వెయ్యాలా అని చాలామంది మండిపడ్డారు. నేను ఆ కోపంతో సగమే ఏకీభవిస్తాను. పేదవాడి నాలుకకూ రుచి తెలుసు. జాలితో వడ్డించిన చప్పటి కూడు ఎవరికీ గౌరవం కాదు. అయితే ఒక పేట కొట్టును పళ్లెంలో ఉన్నది చూసి మాత్రమే తూకం వెయ్యడం కూడా న్యాయం కాదు.

రెండో తూకం కూడా ఆ ఏడాదే పడింది. లాస్ ఏంజెలెస్ టైమ్స్ విమర్శకుడు జోనథన్ గోల్డ్ అదే లోకోల్‌ను ఆ పత్రిక తరఫున మొట్టమొదటి ‘రెస్టారెంట్ ఆఫ్ ది ఇయర్’గా ఎంపిక చేశాడు. ఆ మెప్పు కూడా ఓక్‌లాండ్ కొట్టును నిలబెట్టలేకపోయింది. 2017లోనే అది మూతపడింది. ఉబర్ కూడా ఆ ఏడాదే అక్కడికి వచ్చే ఆలోచన మానుకుని పాత సియర్స్ భవనాన్ని అమ్మకానికి పెట్టింది. 2018 ఆగస్టులో వాట్స్ కొట్టూ మూసేశారు.

కార్బిన్ మాత్రం నేర్చిన వంటను వదల్లేదు. 2018లోనే ప్యాటర్సన్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్ ఆడమ్స్‌లో ఆల్టా ఆడమ్స్ తెరిచాడు. ఒకప్పుడు పనికి పాత కేసు అడ్డొచ్చిన మనిషి అక్కడ వంటగదికి పెద్ద అయ్యాడు. 2022లో ‘కాలిఫోర్నియా సోల్’ అని తన జీవితకథ పుస్తకంగా తెచ్చాడు. వెస్ట్ ఆడమ్స్ కూడా మారిపోతున్న పేటే. ఈసారి ఆ మార్పులోకి వచ్చినవాడు చెయ్యి తిరిగిన వంటవాడిగా, భాగస్వామిగా వచ్చాడు.

మారుతున్న పేటలో రెండో కొట్టు తెరిచేవాళ్లంతా చదవాల్సిన కథ ఇది. అద్దె ఎంతో, జనం ఎంతమంది నడుస్తారో లెక్కవేసే రోజే, కొలువులో ఎవరిని పెట్టుకోబోతున్నామో, రేపు వాటా ఎవరికి దక్కుతుందో కూడా రాసుకోవాలి. పాతకాపులకు చవగ్గా తిండి పెడితే ఒక పూట గడుస్తుంది. పనీ పెట్టుబడీ చేతికిస్తే, కొట్టు మూతపడ్డా వాళ్లు ఇంకో కొట్టు తెరుస్తారు.