గని మూతపడ్డాక వచ్చిన జబ్బు

నెల్లూరు మెట్టకు కాకిబంగారం కాలం ఒకటి వచ్చింది, పోయింది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల మీదుగా సాగిన ఈ అభ్రకం (మైకా) పట్టీలో పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలైన తవ్వకాలు తరాల పాటు నడిచాయి. ఆ పట్టీకి పడమటి దిక్కున ఉదయగిరి కొండలు. అక్కడి దుర్గం 1514లో గజపతుల చేతిలోంచి కృష్ణదేవరాయల చేతికి పోయింది. ఆ ఓటమిని శాసనాలు చెబుతాయి. అక్కడి నుంచి తరలిన బాలకృష్ణుడికి హంపిలో గుడే కట్టారు. మైకా గనుల పతనాన్ని చెప్పే శాసనం లేదు. గనిలోకి దిగినవాడి పేరు మస్టరులో ఉంటే అదే గొప్ప.

గనులు వెలిగిన రోజుల్లో ఈ మెట్ట రేకు సముద్రాలు దాటింది. వేడికి కాలదు, కరెంటును పోనివ్వదు, గోటితో చీలిస్తే పొరలు పొరలుగా వస్తుంది. రేడియోలకు, ఇస్త్రీపెట్టెలకు, విమానాల ఇంజన్లకు అదే కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికాలకు అది అత్యవసరమైంది. మగవాళ్లు గుంతల్లోకి దిగారు. ఆడవాళ్లు, పిల్లలు షెడ్లలో కూర్చుని రేకులు చీల్చారు. 1946లో కేంద్రం మైకా గని కార్మికుల సంక్షేమ నిధికి చట్టం తెచ్చింది. ఎగుమతి మీద వేసిన సుంకంతో నడిచే ఆ నిధి కలిచేడులో ఆసుపత్రి పెట్టింది. వానలు మొహం చాటేసిన ఏట మెట్ట రైతుకు కూలి దొరికే చోటు గనే.

పతనం ఒక్కరోజులో రాలేదు. ట్రాన్సిస్టర్ వచ్చి పాత రేడియో వాల్వుల్ని పక్కకు నెట్టింది. పెద్ద రేకులు అక్కర్లేకుండా తునకల్ని నూరి అతికించే మైకా కాగితం వచ్చింది. 1974లో ప్రభుత్వం మైకా వ్యాపారానికే ఒక కార్పొరేషన్ పెట్టి చూసింది. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో పెద్ద కొనుగోలుదారు పోయాడు. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గుంతల్లో వాననీళ్లు నిలిచాయి, గట్ల మీద సర్కారుతుమ్మ మొలిచింది. కూలీలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు.

అప్పుడు బయటపడింది రెండో పతనం. అభ్రకం ఒంటరిగా ఉండదు, తెల్లరాయిని కరుచుకుని ఉంటుంది. రేకు కావాలంటే ఆ రాయికి బెజ్జం వేయాలి, తూటా పెట్టాలి. పొడి రాయిలో బర్మా తిరిగితే లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఆయాసంగా పైకి వస్తుంది. సిలికోసిస్ అంటారు దాన్ని. నయంచేసే మందు లేదు. దగ్గు, బరువు తగ్గడం చూసి చాలాచోట్ల క్షయ అనుకుంటారు. టీబీ మాత్రల కోర్సు పూర్తవుతుంది, ఆయాసం మాత్రం తగ్గదు.

పనిలో దెబ్బ తగిలినవాడికి పరిహారం ఇప్పించే చట్టం 1923 నాటిది. 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆనాటి లెక్కలో చావుకు ముప్పై నెలల కూలి లేదా 2,500 రూపాయలు, ఏది తక్కువైతే అది. వృత్తి జబ్బుల పట్టికలో ఆంత్రాక్స్, సీసం విషం, భాస్వరం విషం ఉన్నాయి, రాతిదుమ్ము లేదు. అది తర్వాతెప్పుడో చేరింది. తాడు తెగి గుంతలో పడినవాడికి ఈ చట్టం ఎంతో కొంత పనికొచ్చింది. పడిన రోజు తెలుసు, చూసినవాళ్లున్నారు, యజమాని ఎదురుగానే ఉన్నాడు. 2020 నుంచి అమలైన లెక్కలో నెలకు 15,000 దాకా జీతాన్ని పరిగణించి, అందులో సగాన్ని వయసును బట్టి వచ్చే గుణకంతో హెచ్చించేవారు. నలభై ఏళ్లవాడు చనిపోతే గుణకం 184.17, వచ్చేది 13,81,275 రూపాయలు. నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేని జాప్యానికి సగం దాకా జరిమానా.

దుమ్ము తిన్నవాడు అదే చట్టం కింద లేబర్ ఆఫీసుకు వెళితే ప్రతి ప్రశ్న దగ్గరా ఆగిపోయేవాడు. యజమాని ఎవరు? గని లీజు ఎప్పుడో ముగిసింది, కూలి చేతికిచ్చిన మేస్త్రీ పోయాడు. కాంట్రాక్టరు వెనకున్న అసలు యజమానినీ బాధ్యుణ్ని చేసే సెక్షన్ ఉండేది. కానీ అసలు యజమానే మిగలకపోతే ఎవరి మీద వేయాలి? దెబ్బ తగిలింది ఎప్పుడు? రెండేళ్లలోగా క్లెయిమ్ వేయాల్సి ఉండేది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉండేది. కానీ పేరే సరిగ్గా పెట్టని జబ్బుకు మొదలైన తేదీ ఎక్కడ దొరుకుతుంది? జీతమెంత? గని వదిలి ఇరవయ్యేళ్లు మేకలు కాసినవాడికి గని జీతం రుజువు చేసే కాగితం ఏముంటుంది? గుణకమూ వాడి పక్షాన నిలబడదు. పాతికేళ్ల వయసుకు 216.91 అయితే, అరవయ్యేళ్లకు 117.41. జబ్బు ఎంత నిదానంగా వస్తే పరిహారం అంత తగ్గుతుంది.

వడ్రంగి ఎడమ చేయి పోగొట్టుకున్న కేసులో 1975లో సుప్రీంకోర్టు ఆ వృత్తికి అతడు పూర్తిగా పనికిరాకుండా పోయాడని గుర్తించింది, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని చెప్పింది. దుమ్ము కేసుల్లో ఈ తీర్పులోని న్యాయం అందాలంటే ముందు ప్రమాదం జరిగిన రోజంటూ ఒకటి ఉండాలి. రాజస్థాన్ ఈ చిక్కును మరో దారిలో విప్పింది. 2019 విధానంలో యజమానిని వెతికే భారం రోగి నెత్తిన పెట్టలేదు. జబ్బు ఉందని వైద్య బోర్డు ధ్రువీకరిస్తే ప్రభుత్వమే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తుంది. నెల్లూరు మైకా కూలీకి అలాంటి దారి దొరకకుండానే ఒక తరం వెళ్లిపోయింది.

2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. ఈలోగా మెట్టలో తెల్లరాయికి గిరాకీ పెరిగింది. మైకా కోసం తవ్వి పనికిరాదని పారేసిన రాయికే ఇప్పుడు ఎగుమతి ధర. దుమ్మూ అదే దుమ్ము. ఇప్పుడు ఆ రాయి తవ్వుతున్న కూలీల క్లెయిములు ఏ కోడ్ వచ్చినా 2045లో నిలుస్తాయా పడిపోతాయా అన్నది ఈ పొద్దు గని గట్టు మీదే తేలుతుంది. వాళ్ల పేర్లు మస్టరులో ఎక్కాలి, ఏటేటా ఛాతీ ఎక్స్‌రే తీయాలి, ఆ ఫిల్మ్ కూలీ చేతికే ఇవ్వాలి. పోయిన తరానికి ఈ మూడూ జరగలేదు. అందుకే వాళ్ల కేసులు ఓడిపోలేదు, అసలు నమోదే కాలేదు.